పాత లివర్ రైఫిల్ కొనే ముందు వీసా చూసుకోండి

సందేహం: అన్నయ్యా, హ్యూస్టన్‌లో హెచ్-1బి మీద ఉంటున్నాను. మా ఆఫీసులో ఒకాయన కౌబాయ్ సినిమాల్లో కనిపించేలాంటి .22 లివర్ రైఫిల్ (ట్రిగ్గర్ దగ్గరి పిడిని ఆడిస్తే తూటా ఎక్కేది) అమ్ముతానంటున్నారు. తయారుచేసిన కంపెనీ మూతపడిందట. స్పేర్ పార్ట్స్ దొరుకుతాయా?

జవాబు: పార్ట్స్ సంగతి తర్వాత తమ్ముడూ, ముందు నీ వీసా. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాతో వచ్చినవాళ్ళ దగ్గర తుపాకీ గానీ తూటా గానీ ఉండటం అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొద్దిగానే ఉన్నాయి. మనవాళ్ళకు ఎక్కువగా పనికొచ్చేది ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. అది ఉన్నా సరే, లాయర్‌ని అడగకుండా అడుగు వేయొద్దు. నీ పరిస్థితి తెలిసి అమ్మితే ఆయన కూడా కేసులో ఇరుక్కుంటారు. "కొనట్లేదుగా, షూటింగ్ రేంజ్‌కి వెళ్ళి సరదాగా నాలుగు రౌండ్లు కాలుస్తా" అనుకోకు. స్టూడెంట్ వీసా మీద వచ్చి, కాలేజీ నుంచి తీసేశాక కూడా ఇక్కడే ఉండిపోయిన రెహైఫ్ అనే యువకుడు ఫ్లోరిడాలో ఒక రేంజ్‌కి వెళ్ళి కాల్చినందుకే కేసు పడింది. అది సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 2019లో తీర్పు వచ్చింది. ఏళ్ళ తరబడి గ్రీన్ కార్డ్ కోసం ఎదురుచూస్తూ ఒక్క శనివారం సరదాకి దాన్ని పణంగా పెట్టకు.

గ్రీన్ కార్డ్ చేతికొచ్చాక ఫెడరల్ చట్టం నుంచి ఈ అడ్డు ఉండదు. అప్పటికి వేరే రాష్ట్రానికి మారితే అక్కడి రూలు చూసుకో. ఇల్లినాయ్‌లో అయితే ఫోయిడ్ కార్డు (తుపాకీ ఉంచుకోవడానికి ఆ రాష్ట్రం ఇచ్చే గుర్తింపు కార్డు) లేనిదే తూటాలు కూడా అమ్మరు.

ఇక రైఫిల్. నా దగ్గరున్నది కూడా అలాంటిదే. పైన ఇథాకా మోడల్ 72 అని అమెరికా పేరుంటుంది, తయారైంది మాత్రం జర్మనీలో, ఎర్మా వెర్కేలో. ఎర్మా తన సొంత పేరుతో ఈజీ 712 అని అమ్మిందీ దాదాపు ఇదే తుపాకీ. ఆ కంపెనీ 1990ల చివర్లో దివాలా తీసింది. అందుకే అమ్మినవాళ్ళ పేరు చూసి ఆగిపోకుండా, బ్యారెల్ మీద చెక్కిన అక్షరాలన్నీ టార్చ్ వేసి చదవాలి. ఒక పేరుతో దొరకని పార్ట్ రెండో పేరుతో వెతికితే దొరుకుతుంది. న్యూమ్రిక్ లాంటి పాత తుపాకుల పార్ట్స్ అమ్మేవాళ్ళ దగ్గర ప్రతి ముక్కకీ నంబరు వేసిన బొమ్మ ఉంటుంది. ముందు ఆ బొమ్మ ప్రింట్ తీసి పెట్టుకో. హెన్రీ కంపెనీ .22 లివర్ రైఫిల్‌కి మూలం ఈ ఎర్మా డిజైనే కాబట్టి దాని ముక్కలు సరిపోతాయని చాలామంది చెబుతారు. కొలిచి చూడకుండా డబ్బు పెట్టకు. పోలిక ఉంది కదా అని బావమరిది చొక్కా మనకి పట్టదు.

నాకు మొదట పోయింది ఎక్స్‌ట్రాక్టర్. కాల్చాక లివర్ లాగితే ఖాళీ గుల్ల బయటికి రాకుండా లోపలే ఉండిపోయేది. భూతద్దం పెట్టి చూస్తే గుల్ల అంచుని పట్టుకునే కొక్కెం మొన గుండ్రంగా అరిగిపోయి ఉంది. కొత్తది వేసేటప్పుడు చేతులు పారదర్శకమైన ప్లాస్టిక్ సంచీలో పెట్టుకుని విప్పాను. స్ప్రింగ్ ఎగిరితే సంచీలోనే పడుతుంది. ఒకసారి సంచీ లేకుండా విప్పి, ఆవగింజంత స్ప్రింగ్ కోసం గరాజ్ అంతా రెండు రోజులు ఊడ్చాను.

ఈ రకం రైఫిల్‌కి పైన కనిపించే నల్లటి కవర్ ఉక్కు కాదు, రంగు వేసిన మిశ్రమలోహం. ఘాటైన సాల్వెంట్ తగిలితే రంగు లేస్తుంది, స్క్రూ బలంగా బిగిస్తే మర పోతుంది. స్క్రూ గాడికి సరిగ్గా పట్టే స్క్రూడ్రైవరే వాడు. ఈ .22 లాంటి రిమ్‌ఫైర్ తూటాకి నిప్పంటించే మందు అడుగు అంచులో ఉంటుంది, ఫైరింగ్ పిన్ కొట్టేదీ అక్కడే. తూటా లేకుండా ఊరికే ట్రిగ్గర్ నొక్కితే కొన్ని తుపాకుల్లో ఆ పిన్ నేరుగా ఛాంబర్ (తూటా కూర్చునే గది) అంచుకి తగిలి గుంట పడుతుంది. బ్యారెల్ కింద తూటాల గొట్టంలో నూనె పోయకు, మసి పట్టి తూటాలు జారవు. హ్యూస్టన్ ఉక్కపోతకి బయటి ఉక్కుని మాత్రం పలచగా నూనె గుడ్డతో తుడవాలి.

విప్పే ముందు ఆ గొట్టం బయటికి లాగి, లివర్ నాలుగైదు సార్లు ఆడించి, కంటితోనూ వేలితోనూ ఛాంబర్ ఖాళీ అని చూసుకో. లోపల ఒక తూటా ఆగిపోవడం మామూలే. తుడిచాక చేతులు సబ్బుతో కడుక్కో, అది సీసం మసి. పిల్లల్ని ఆ దరిదాపులకి రానివ్వకు.

ఇంకొకటి. రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగు ఇండియా ప్రయాణానికి వాడొద్దు. .22 తూటా అంగుళం పొడవే, జేబు మూలలో ఇరుక్కుంటే కనపడదు. శంషాబాద్‌లో స్కానర్‌కి కనపడితే ఆయుధాల చట్టం కింద కేసు పెడతారు. నా రేంజ్ బ్యాగు ఎర్రది, సూట్‌కేసులుండే గదిలోకే రానివ్వను.