‘తగ్గింపు’ బట్టల కొట్టు మాటేనా?

సందేహం: మాది ఆమదాలవలస. మా సంఘంలో స్త్రీల కూడికకు కరపత్రం వేయిస్తున్నాం. ‘తగ్గింపు, విశ్వాసం – భక్తిలో ఎదుగుదల’ అని శీర్షిక పెట్టాను. తెలుగు మాస్టారుగా రిటైరైన మా మామగారు చూసి, “తగ్గింపు బట్టల కొట్టువాళ్ల మాటమ్మా, వినయం అని రాయి” అన్నారు. విశ్వాసమైతే కుక్కకూ ఉంటుందని నవ్వారు. మేం చర్చిలో వాడేది తప్పు తెలుగా?

సమాధానం: తప్పు కాదమ్మా. అయితే మామగారు వేలు పెట్టిన చోట చిన్న చిక్కు ఉన్నమాట నిజం.

‘తగ్గు’ మన సొంత మాట, కన్నడంలోనూ ఉంది. క్రియే కాదు, చోటును చెప్పే మాట కూడా: తగ్గు నేల, ఎత్తుతగ్గులు. నాగావళి పక్క రైతునడగండి, వానకు నీరు ముందు చేరేదీ, ఆఖరున ఆరేదీ తగ్గు మడిలోనే అంటాడు. లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు మాట్లాడిందీ చోటు గురించే. విందులో అగ్రపీఠాలు చూసుకుంటున్నవాళ్లతో ‘కడపటి చోటున కూర్చుండుము’ అన్నాడు. మన బంతిలో అయితే అది చివరి విస్తరి: పప్పు గరిట అడుగు గీకుతున్న చప్పుడు వినిపించాకగానీ వడ్డించేవాడు అక్కడికి రాడు.

చిక్కల్లా ‘తగ్గింపు’ అనే రూపంతో. ముగించు–ముగింపు, తాలించు–తాలింపు అయినట్టే తగ్గించు–తగ్గింపు. వ్యాకరణానికి లోటు లేదు. కానీ బైబిలు గుణంగా చెప్పింది ‘తగ్గించు’ కాదు, ‘తగ్గించుకొను’. ‘తన్నుతాను హెచ్చించుకొను ప్రతివాడును తగ్గింపబడును, తన్నుతాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును’ అన్న వాక్యం చూడండి. తగ్గింపబడడం గర్విష్ఠికి పడే శిక్ష, తగ్గించుకోవడం భక్తుడి గుణం. తేడా అంతా ఆ ‘కొను’లోనే ఉంది. ‘తగ్గింపు’ అనగానే అది ఊడిపోతుంది, ఎవరు ఎవర్ని తగ్గించారో తెలియదు. నలుగురిలో కోడల్ని చులకన చేసి, పైగా ‘తగ్గింపు నేర్చుకో’ అనే పెద్దలకు ఈ వెసులుబాటు బాగా అక్కరకొస్తుంది.

మరి వినయం? మంచి మాటే. ఫిలిప్పీయులకు రాసిన పత్రికలో ‘వినయమైన మనస్సు’ ఉంది కూడా. కాకపోతే తెలుగువాడికి వినయం ముందు చేతులు కట్టుకోవడంలో, గొంతు తగ్గించడంలో కనిపిస్తుంది. అది నటనకు లొంగుతుంది కనకే ‘అతివినయం ధూర్తలక్షణం’ అనే మాట పుట్టింది. కడపటి విస్తరి ముందు కూర్చోవడం నటించడం కష్టం, అన్నం చల్లారిపోతుంది.

విశ్వాసం సంగతి. మామగారు ఎగతాళికి అన్నా అందులో మీకు పనికొచ్చేది ఉంది. కుక్క విశ్వాసం అంటే పెట్టిన చేతిని విడవకపోవడం. కొత్త నిబంధన గ్రీకులోని ‘పిస్టిస్’కు నమ్మడం, నమ్మకంగా నిలవడం రెండూ అర్థాలే. గలతీయులకు రాసిన పత్రిక 5వ అధ్యాయంలో ఆత్మఫలాల (దేవుని ఆత్మ వల్ల మనిషిలో కలిగే గుణాల) జాబితాలో మన బైబిలు ‘విశ్వాసము’ అన్నచోట చాలా అనువాదాలు రెండో అర్థం తీసుకున్నాయి. తెలుగు మాట ఆ రెంటినీ మోయగలదు. ‘నమ్మకం’ అని మారిస్తే సగం పోతుంది. (ఆ జాబితాలోనే ‘సమాధానము’ ఉంది, అక్కడ దానికి శాంతి అని అర్థం. ఈ శీర్షిక నడిపే నాకు జవాబులిచ్చాక దక్కనిది అదొక్కటే!)

చర్చి తెలుగు ఎక్కడినుంచో ఊడిపడిందని మాత్రం అనుకోకండి. లండన్ మిషన్ అనే క్రైస్తవ ప్రచార సంఘంవాళ్లు విశాఖపట్నంలో దిగింది 1805లో. అక్కడ మొదలైన సువార్తల తెలుగు 1812లో బెంగాల్లోని సీరాంపూరులో అచ్చయింది. మీ జిల్లాల చెవికి ఈ భాష రెండు వందల ఏళ్ల పాతది.

కరపత్రానికి నా సలహా: కూడికలో మాట్లాడేటప్పుడు ‘తగ్గింపు’ అనే అనండి, అందరికీ తెలిసిన మాట. అచ్చులో మాత్రం ‘తగ్గించుకొని, విశ్వాసంలో ఎదుగుదాం’ అని వేయించండి. లోపల ఆ ఆత్మఫలాల్లోని ‘సాత్వికము’ (మెత్తని స్వభావం) వస్తే బైబిల్లో ఉన్నట్టే ఉంచండి. ప్రూఫు చూస్తూ మామగారు ‘సాత్త్వికము’ అని ఇంకో తకారం చేరిస్తే చేర్చనివ్వండి, సంస్కృతం ఆయన పక్షానే ఉంది.