రేసులు మానిన గుర్రాన్ని చూడటానికి తెల్లవారగానే వెళ్లండి

బెంగళూరు రేసుల నుంచి విరమించిన ఒక గుర్రాన్ని మీ అమ్మాయి స్వారీ కోసం కొనాలనుకుంటున్నారనీ, డబ్బు చేతులు మారకముందే దాని దేహనిర్మాణాన్నీ కాళ్ల దారుఢ్యాన్నీ ఎలా అంచనా వేయాలో చెప్పమనీ అడిగారు. యలహంక అవతల ఒక చిన్న శాలలో గుర్రాలను సాకుతూ, తెలిసినవారికి కొనుగోళ్లు చూసిపెడుతూ చాలాకాలం గడిపినవాణ్ణి కాబట్టి ముందుగా ఒక్క మాట చెబుతాను. రాత్రంతా కొట్టంలో నిలబడిన గుర్రాన్ని, ఇంకా ఒళ్లు వేడెక్కకముందు, మీ కళ్లముందే బయటికి తీయించి చూడండి. ఉదయం పూట చూపించడానికి ఇష్టపడని అమ్మకందారు ఏదో ఒకటి దాస్తున్నాడనే నా అభిప్రాయం, దీనికి మినహాయింపు నాకు ఇంతవరకూ కనిపించలేదు.

కీళ్లలో అరుగుదల ఉన్న గుర్రం మొదటి పది నిమిషాలు బిగుసుకొని నడుస్తుంది. కొంతసేపు తిరిగి, కీళ్లు సడలిన తరువాత అదే గుర్రం ఏ లోపమూ లేనట్లు పరుగు తీస్తుంది. పదింటికి వెళ్లి, అప్పటికే జీను వేసి తిప్పిన గుర్రాన్ని చూసి, "ఎంత చక్కగా నడుస్తోందో!" అని మురిసిపోయి వచ్చేవారిని చాలామందిని చూశాను. వాళ్లు చూసింది ఆ గుర్రపు రోజులో అత్యుత్తమమైన అరగంటను మాత్రమే.

మొన్న చలికాలంలో మా బావమరిది తన కూతురి కోసం కనకపుర రోడ్డు వైపు ఒక శాలలో గుర్రాన్ని చూసి మనసు పడి, బేరం ముగించే ముందు నన్ను వెంటబెట్టుకొని వెళ్లాడు. ముదురు గోధుమ రంగు, నుదుట తెల్లచుక్క, విత్తులు తీయించిన ఏడేళ్ల మగ గుర్రం. మేము వెళ్లేసరికి అది జీనుతో సిద్ధంగా ఉంది. జూలు కింద చెయ్యి పెడితే మెడంతా తడిగా తగిలింది. "మీరొస్తున్నారని ఇప్పుడే నాలుగు రౌండ్లు తిప్పించాం సార్, వెంటనే ఎక్కి చూసుకోవచ్చు," అన్నాడు యజమాని. జీను విప్పించి కొట్టంలో కట్టేయించమనీ, ఒళ్లు చల్లారిన తరువాత చూస్తామనీ చెప్పాను. ఆయన ముఖం మాడిపోయింది. "బావా, ట్రాఫిక్ ముదిరితే ఇల్లు చేరేసరికి మధ్యాహ్నమవుతుంది," అని మా బావమరిది చెవిలో గొణిగాడు. ఇద్దరమూ రోడ్డు మీది దర్శినిలో ఇడ్లీ తిని, కాఫీ తాగి, కావాలనే ఆలస్యంగా తిరిగివచ్చాము.

తిరిగి వచ్చేసరికి గుర్రం కొట్టంలో ఒంటరిగా, ఎవరూ తనను చూడటం లేదన్న ధీమాతో నిలబడి ఉంది. దాని కుడి ముందుకాలు ఎడమదానికంటే జానెడు ముందుకు చాచి ఉంది, ఆ గిట్ట మీద బరువు దాదాపు లేదు. వెనుక కాళ్లలో ఒకదాన్ని సడలించి నిలబడటం గుర్రాలకు సహజమే గాని, ఆరోగ్యమైన గుర్రం ముందుకాలికి అలా విశ్రాంతినివ్వదు. బయటికి తెచ్చి గచ్చు మీద ట్రాట్, అంటే నడకకూ దౌడుకూ మధ్య ఉండే పరుగు, చేయించమన్నాను. నడకలో చిన్న కుంటి పైకి తేలదు, దౌడులో కాళ్ల వరుస కలగాపులగమవుతుంది. ట్రాట్‌లో మాత్రం మూలమూలగా ఉన్న కాళ్లు జంటగా పడతాయి కాబట్టి ఏ కాలు బరువు తప్పించుకుంటోందో తేటగా తెలుస్తుంది. సైసు కుర్రవాడు, అంటే గుర్రాన్ని సాకే పనివాడు, తాడును గడ్డం కిందనే బిగించి పట్టుకొని పరుగెత్తాడు. అలా పట్టుకుంటే గుర్రం తల ఊపడానికి వీలుండదు, మనం చూడవలసింది సరిగ్గా ఆ ఊపునే. హిందూపురం వైపు యాసలో మాట్లాడుతున్నాడని గమనించి, "నాయనా, తాడు ఒక మూరెడు వదులు, దాని తల దాని ఇష్టానికి వదిలెయ్," అన్నాను. అతడు ఒకసారి యజమాని వైపు, ఒకసారి నా వైపు చూసి, తాడు వదులు చేశాడు.

ఆ తరువాత నేను వివరించవలసింది ఏమీ మిగల్లేదు. కుడి గిట్ట నేలను తాకినప్పుడల్లా తల పైకి లేస్తోంది, ఎడమ గిట్ట తాకినప్పుడు కిందికి దిగుతోంది. నొప్పి ఉన్న ముందుకాలు పడేటప్పుడు గుర్రం తలెత్తి బరువు తగ్గించుకుంటుంది. గుర్రాల గురించి ఏమీ తెలియని మా బావమరిది కూడా, చెవులను మాత్రమే చూడమని చెప్పగానే, పట్టేశాడు. గచ్చు మీద చప్పుడులో సైతం ఒక దెబ్బ మిగిలినవాటికంటే మెత్తగా వినిపించింది. కుడివైపుకు చిన్న చుట్టు తిప్పించినప్పుడు కుంటి పెరిగింది, అంటే నొప్పి చాలావరకు గిట్టలోనే ఉండి ఉండాలి. వంగి రెండు ముందు గిట్టలనూ పక్కపక్కన చూస్తే కుడిది ఎడమదానికంటే స్పష్టంగా ఇరుకుగా, నిటారుగా ఉంది. చాలాకాలంగా బరువు మోయని గిట్ట అలా కుంచించుకుపోతుంది కాబట్టి ఇది నిన్నమొన్నటి దెబ్బ కాదు. లాడాలు కొత్తగా కొట్టించామనీ, అందుకే కొంచెం ఇబ్బంది పడుతోందనీ యజమాని అన్నాడు. మేకు కొద్దిగా పక్కకు పోతే గుర్రం కుంటడం నిజమే. అయితే రెండు వారాలాగి వస్తామనీ, అప్పుడు మా డాక్టరు చేత రక్తం కూడా తీయిస్తామనీ చెప్పాను. రక్తం మాట వినగానే, "మా మీద నమ్మకం లేదా సార్?" అన్నాడు, మరుక్షణం నుంచి ధర దిగడం మొదలైంది. మేము కారు ఎక్కేవరకూ అది దిగుతూనే ఉంది.

రక్తపరీక్ష ఎందుకో కూడా చెప్పాలి. ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పినివారిణి గుర్రపుశాలల్లో సర్వసాధారణం. దాణాలో కలిపి పెడితే కుంటి గుర్రం కూడా కొద్దిరోజులు మామూలుగా తిరుగుతుంది. కొనేరోజున పశువైద్యుడు తీసిన రక్త నమూనాను భద్రపరిస్తే, తరువాత అనుమానం వచ్చినప్పుడు పరీక్ష చేయించవచ్చు. అమ్మేవారే "మా డాక్టరు చూసి రాసిస్తారు" అనే మర్యాద మన నగరంలో మరీ ఎక్కువగా నడుస్తోంది. ఆయన ఎంత నిజాయితీపరుడైనా సరే, ఆ శాలలో నెలనెలా ఫీజు తీసుకునే వైద్యుడి కాగితం మీకు పనికిరాదు. మీ ఖర్చుతో మీ మనిషిని తెచ్చుకోండి. ధర తగ్గించారు కదా అని సర్దుకుపోవడం కూడా తగదు. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదన్న సామెత ఊరికే పుట్టలేదు. కుంటిదానికి దాణాతో పాటు ఎక్స్‌రేలూ మందులూ అదనం.

నిర్మాణం విషయానికి వస్తే, వాట్సాప్‌లో వచ్చే ఫొటోలను చూసి ఏ అభిప్రాయానికీ రాకండి. ముందుకాళ్లు కొంచెం ఎత్తున ఉండేలా మిట్ట మీద నిలబెడితే ఏ గుర్రానికైనా భుజం ఠీవిగా కనిపిస్తుంది, పచ్చిక ఏపుగా ఉన్నచోట ఫొటో తీస్తే గిట్టలు కనిపించనే కనిపించవు. చదునైన గచ్చు మీద, పక్క నుంచి, ఎదుటి నుంచి, వెనుక నుంచి మీరే చూడాలి. నిలబడిన గుర్రం తన బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీద మోస్తుంది, అందుకే నా చూపు ముందు అక్కడికే పోతుంది. ఎదుటి నుంచి చూసినప్పుడు భుజం కొన నుంచి జారవిడిచిన దారం మోకాలి మధ్యగా, గిట్ట మధ్యగా నేలను తాకాలి. గిట్టలు బయటికి తిరిగి ఉంటే పరుగులో ఒక కాలు రెండోదానికి కొట్టుకునే ప్రమాదముంది. పక్క నుంచి చూసినప్పుడు మోకాలు కొద్దిగా ముందుకు వంగి ఉంటే నేను పట్టించుకోను గాని, వెనక్కు వంగి ఉంటే మాత్రం ఆ గుర్రం ఎంత అందగత్తె అయినా నమస్కారం పెట్టి వచ్చేస్తాను. దౌడులో ఆ కీలు మీద పడే ఒత్తిడికి అటువంటి మోకాలు నిలవదు. గిట్ట ముందుగోడ వాలూ, దాని పైనుండే పొట్టి ఎముక వాలూ ఒకే గీతలో ఉండాలి. రేసు గుర్రాలలో తరచుగా గిట్ట ముందుభాగం పొడవు పెరిగి, మడమలు కింద పడి, ఆ గీత విరిగినట్లుంటుంది. మంచి లాడాలవాడు నెలల తరబడి శ్రద్ధ తీసుకుంటే ఇది కొంతవరకు సర్దుకుంటుంది, ఆ శ్రద్ధకు అయ్యే ఖర్చును మాత్రం ధరలో తగ్గించమని అడగండి.

గిట్ట నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, కాబట్టి పైన వెంట్రుకల అంచు నుంచి కింద మొన దాకా చేరడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఆ ఏడాదిలో గుర్రానికి వచ్చిన జ్వరాలూ దాణా మార్పులూ గోడ మీద చారలుగా మిగులుతాయి. చారలు సమాంతరంగా ఉంటే దిగులు లేదు. ముందువైపు ఇరుకుగా, మడమవైపు వెడల్పుగా విచ్చుకుంటే గిట్ట లోపలి పొరలు ఎప్పుడో వాచాయని అర్థం. కాలెత్తి అడుగున చూడండి. మధ్యనుండే త్రికోణపు మెత్తని భాగం పక్క సందుల్లో నల్లటి జిగురూ కుళ్లు వాసనా ఉంటే, మన వర్షాకాలంలో శాలను ఎంత తడిగా ఉంచుతున్నారో తెలిసిపోతుంది. అది నయమయ్యేదే, కానీ మిగిలిన సంరక్షణ ఎలా ఉందో కూడా దాన్ని బట్టి ఊహించుకోవచ్చు. తెల్లగిట్ట బలహీనమన్న మాటకు ఆధారం లేదు, దాన్ని చెప్పి ధర తగ్గించమంటే మాత్రం నాకు అభ్యంతరం లేదు.

రేసుల నుంచి వచ్చినదాని విషయంలో అన్నిటికంటే ఎక్కువసేపు చెయ్యి ఆడించవలసింది ముందుకాలి వెనుక, మోకాలికీ కింది కీలుకూ మధ్య నిలువునా దిగే టెండన్ మీద, అంటే కండరాన్ని ఎముకకు కలిపే పట్టీ మీద. సైసులు దాన్ని నరం అంటారు. ఈ గుర్రాలను రెండేళ్ల వయసుకే పరుగులో పెడతారు, పూర్తి దౌడులో ఆ టెండన్ మధ్యభాగం 45 డిగ్రీల సెంటీగ్రేడ్ దాకా వేడెక్కుతుంది. అక్కడ ఒకసారి చిరిగితే మానడానికి ఏడాది దాకా పడుతుంది, మానినచోట పాత సాగుగుణం తిరిగి రాదు. పక్క నుంచి చూస్తే విల్లులా ఉబ్బిన గీత కనిపిస్తుంది. చిన్న గాయమైతే కంటికి ఆనదు, కాలు మడిచి ఎత్తి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పైనుంచి కిందికి జార్చినప్పుడు మాత్రమే దళసరిగానో వెచ్చగానో తగులుతుంది. తప్పనిసరిగా రెండు కాళ్లనూ పోల్చాలి. మోకాలి కింద లోపలివైపు చల్లగా, గట్టిగా ఉండే పాత ఎముక బొడిపెలను, కీళ్ల దగ్గర నొప్పిలేని నీటి తిత్తులను, కొంచెం పెద్ద తలను, వెనుక మోకీళ్లు ఒకదానికొకటి కాస్త దగ్గరగా ఉండటాన్ని నేను క్షమిస్తాను. మీ అమ్మాయి అందాల పోటీకి వెళ్లడం లేదు కదా.

ఒంటి మీది వెంట్రుకల సుడుల గురించి ఎవరో ఒక పెద్దమనిషి తప్పకుండా చెబుతాడు. కంఠం మీది దేవమణి సుడి అదృష్టమనీ, ఫలానా చోట సుడి యజమానికి అరిష్టమనీ వినిపించే ఆ చర్చలో గంటలు గడిచిపోతాయి, ఈలోగా గిట్టలను చూసే నాథుడుండడు. సుడులతో అసలు ప్రయోజనం వేరే ఉంది. గుర్రపు పాస్‌పోర్టులోని, అంటే దాని గుర్తింపు పుస్తకంలోని, పటంలో మచ్చలతో పాటు సుడుల స్థానాలూ గుర్తించి ఉంటాయి. వాటినీ మైక్రోచిప్ సంఖ్యనూ సరిపోల్చి, కాగితం ఈ గుర్రానిదేనని తేల్చుకోండి. కుణిగల్ ఫారంలో పుట్టిందనో, పేరున్న పోతుగుర్రం బిడ్డ అనో చెప్పి ధర పెంచేవారున్నారు. టిప్పు సుల్తాను అశ్వదళానికి గుర్రాలను పెంచిన చోటంటే నాకూ గౌరవమే, కానీ వంశవృక్షం మీద స్వారీ చేయలేము. మన దేశంలో థరోబ్రెడ్లు అనే రేసు జాతి గుర్రాలన్నిటికీ జనవరి 1నే వయసు పెరిగినట్లు లెక్క కాబట్టి కాగితం మీది వయసుకూ అసలు వయసుకూ కొన్ని నెలల తేడా ఉండవచ్చు. పుష్కర్, సారంగ్‌ఖేడా సంతల నుంచి కాగితాలు లేకుండా వచ్చే మార్వాడీ, కాఠియావాడీ గుర్రాలకైతే పళ్లే ఆధారం. అయిదేళ్లకు శాశ్వత దంతాలన్నీ వస్తాయి, పై మూలదంతం మీద గాడి పదేళ్లకు మొదలై, ఇరవై ఏళ్లకు దంతం పొడవునా దిగుతుంది.

ఊపిరి సంగతి క్లుప్తంగా చెబుతాను. విశ్రాంతిలో శ్వాస నిమిషానికి 8 నుంచి 16, నాడి 28 నుంచి 44 ఉంటే చాలు. కాంటర్, అంటే నెమ్మదైన దౌడు, చేయించి, లోపలికి పీల్చే శ్వాసలో బొంగురు శబ్దం వస్తుందేమో వినండి, స్వరపేటికకు ఎడమవైపు నరం దెబ్బతిన్న గుర్రం అలా చేస్తుంది. కొట్టం తలుపు పైఅంచు కొరికేసి ఉంటే ఆ గుర్రానికి కర్ర పట్టి గాలి మింగే అలవాటుందని అనుమానించండి. గ్లాండర్స్ పరీక్ష నెగటివ్ అని కాగితం లేనిదే దాన్ని మీ శాలలోకి రానివ్వకండి. అది మనుషులకూ సోకే జబ్బు, చట్టప్రకారం ప్రభుత్వానికి తెలియజేయవలసినది.

స్వారీకి ముందు జీను పట్టీ బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. చెవులు వెనక్కు వాల్చి కొరకబోతే వీపులోనో పొట్టలోనో బాధ ఉందేమో డాక్టరును అడగాలి. మొదట వారి రౌతు, తరువాత మీ శిక్షకుడు, ఆఖరున మాత్రమే మీ అమ్మాయి ఎక్కాలి. ఆ రోజు బాగా పని చేయించి, మర్నాడు తెల్లవారగానే, ముందుగా చెప్పకుండా మళ్లీ వెళ్లి అదే గచ్చు మీద, అదే వదులు తాడుతో ట్రాట్ చేయించండి. నిన్నటి శ్రమకు ఏ కాలైనా మొరాయిస్తే అప్పుడు బయటపడుతుంది. రెండు ఉదయాలూ బాగా నడిచిన గుర్రానికి ముందు గిట్టలూ కింది కీళ్లూ ఎక్స్‌రే తీయించి, ఆ తరువాతే అడ్వాన్సు మాట ఎత్తండి.