ఇల్లుండగా హాస్టలెందుకు అంటున్నారు

ప్రశ్న: మా ఆయన ఎనిమిదేళ్లుగా తాగుతున్నారు. డీఅడిక్షన్ సెంటర్‌లో ఉండి ఈ వారమే బయటికొస్తున్నారు. నేరుగా ఇంటికి కాకుండా ఆరు నెలలు సోబర్ లివింగ్ హోమ్‌లో, అంటే తాగుడు మానేసినవాళ్లు కలిసుండే ఇంట్లో, ఉంటే మంచిదని అక్కడి కౌన్సెలర్ అన్నారు. "పెళ్లాం పిల్లలున్నవాడికి హాస్టలేంటి, నలుగురూ ఏమనుకుంటారు, మాన్పించే మాత్రలు తిండిలో కలిపి పెడితే చాలదా" అంటున్నారు మా అత్తగారు. కిందటిసారి ఇంటికొచ్చాక ఆయన బయటికెళ్లి వచ్చినప్పుడల్లా నోరు వాసన చూసేదాన్ని. మూడో వారంలోనే మళ్లీ మొదలెట్టారు. ఇప్పుడు పంపిస్తే నేనే వదిలించుకున్నట్టు అవుతుందేమో?

జవాబు: వదిలించుకోవడం కాదమ్మా. మీరు రాసిన దాంట్లో నన్ను ఆపేసింది ఆ నోరు వాసన సంగతే. చెప్పులు విప్పకముందే గుమ్మంలో నిలబెట్టి "ఏదీ, ఊదు" అంటే, తాగొచ్చిన రోజు మీరు పోలీసు, తాగని రోజు అనుమానం మనిషి, ఇక భార్యగా ఉండేదెప్పుడు? సోబర్ హోమ్‌లో ఆ డ్యూటీ మీకుండదు. బ్రీత్ టెస్టో మూత్ర పరీక్షో వాళ్లే చేస్తారు, అదీ ఆయనొక్కడికే కాదు, ఆ ఇంట్లో ఉన్న అందరికీ, కాబట్టి అవమానంగా కూడా ఉండదు.

అది ఆసుపత్రి కాదు. పొద్దున లేచి పనికెళ్లాలి, అద్దె కట్టాలి, వంతులవారీగా వంట చేయాలి, బాత్రూం కడగాలి, చెప్పిన టైంకి తిరిగి రావాలి. వినడానికి చిన్నపిల్లల హాస్టల్‌లాగే ఉంటుంది కానీ, తాగే రోజుల్లో చెదిరిపోయింది సరిగ్గా ఈ దినచర్యే కదా. అమెరికాలో 1975లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్‌లలో మేనేజర్ కూడా ఉండడు, ఉండేవాళ్లే ఓట్లేసుకుని నడుపుకుంటారు, తాగినవాడు ఇల్లు ఖాళీ చేయాల్సిందే. చికిత్స అయిన 150 మందిలో సగం మందిని ఆ ఇళ్లకూ, మిగతావాళ్లని మామూలు పద్ధతిలోనూ పంపి చూస్తే, రెండేళ్లకి మళ్లీ మత్తులో పడినవాళ్లు ఆ ఇళ్లకి వెళ్లినవాళ్లలో 31 శాతం, మిగతావాళ్లలో 65 శాతం అని 2006లో అచ్చైన అధ్యయనం చెప్పింది. గ్యారంటీ అనను, తేడా మాత్రం చిన్నది కాదు.

అయితే బోర్డు పెట్టిన ప్రతిదీ మంచిది కాదు. సాయంత్రం పూట మీ ఆయన్ని తీసుకునే వెళ్లి చూడండి, ఆయన ఒప్పుకోకుండా చేర్పిస్తే ఉపయోగం ఉండదు. నియమాలు కాగితం మీదున్నాయా, డబ్బుకి రసీదిస్తారా, డాక్టర్ రాసిన మందులు వేసుకోనిస్తారా, ఎవరైనా మళ్లీ తాగితే అర్ధరాత్రి రోడ్డు మీదకి నెడతారా లేక చికిత్సకి పంపుతారా, ఇవన్నీ మొహమాటం లేకుండా అడగండి. తాళాలేసి, కొట్టి, ఇంటివాళ్లతో మాట్లాడనివ్వని చోటైతే అక్కణ్ణుంచి వచ్చేయండి.

అత్తగారితో ఒక్క విషయంలో గట్టిగా ఉండండి: తెలియకుండా మాత్రలు కలపొద్దు. డైసల్ఫిరామ్ లాంటిది ఒంట్లో ఉండగా తాగితే బీపీ పడిపోయి ప్రాణం మీదకి రావచ్చు. ఇక నలుగురంటారా, ఆయన తాగుతారని వాళ్లకి ఎనిమిదేళ్లుగా తెలుసు, కొత్తగా దాచడానికేం మిగల్లేదు.

ఆయన మొదటిసారి ఒక రోజు సెలవు మీద ఇంటికొచ్చినప్పుడు అలవాటు కొద్దీ మీరు గుమ్మం దాకా వెళతారు. వాసన చూడకండి. నిజంగా అనుమానం వస్తే హోమ్ వాళ్లకి ఫోన్ చేయండి, తిరిగి వెళ్లగానే టెస్ట్ వాళ్లే చేసుకుంటారు.