గాగ్, మేగాగ్‌లను చూపించడానికి తీసుకెళ్ళే ముందు

అమ్మలూ,

మా అన్నయ్యా వదినా, అంటే మీ నాన్నా అమ్మా, నవంబరులో వస్తున్నారని, వాళ్ళకి లండన్‌లో ఏమేం చూపించాలో లిస్టు పంపమని అడిగావు. లిస్టు పంపడం లేదు. టవర్ బ్రిడ్జి, లండన్ ఐ నీకు తెలిసినవే, వాటికి నా సలహా అక్కర్లేదు. ఒక్క చోటు గురించి మాత్రం వివరంగా రాస్తాను. నువ్వు రోజూ బ్యాంక్ స్టేషన్‌లో దిగి ఆఫీసుకి వెళ్తావు కదా, అక్కణ్ణించి నడిచి వెళ్ళేంత దూరంలోనే గిల్డ్‌హాల్ ఉంది, దాని పెద్ద హాల్లో గాగ్, మేగాగ్ అనే ఇద్దరు చెక్క రాక్షసులు ఊరికి కాపలా కాస్తున్నారు. రెండేళ్ళలో ఒక్కసారి కూడా చూడలేదని మొన్న ఫోన్‌లో అన్నావు చూడు, నాకు నిజంగా బాధేసింది.

ముందు ఒక సంగతి అన్నయ్యకి నువ్వే చెప్పు, లేకపోతే ఆయన లండన్ మేయరు ఆఫీసు ఇదే అనుకుంటాడు. కాదు. లండన్ అంతటికీ ఉన్న మేయరు వేరు, పాత నగరానికి, అంటే అందరూ చదరపు మైలు అని పిలిచే 'సిటీ'కి ఉన్న లార్డ్ మేయర్ వేరు. గిల్డ్‌హాల్ ఈ లార్డ్ మేయర్ తాలూకు సభామందిరం. 1411లో కట్టడం మొదలుపెట్టారు, పూర్తయ్యేసరికి 1440 వచ్చింది. వర్తక సంఘాలు, చేతిపని సంఘాలు కలిసి ఊరిని నడిపిన చోటు అది. ఆ సంఘాల జెండాలు ఇప్పటికీ లోపల గోడల మీద వేలాడుతుంటాయి. తొమ్మిది రోజులు మాత్రమే రాణిగా ఉన్న లేడీ జేన్ గ్రేని 1553లో అక్కడే విచారించి మరణశిక్ష వేశారు. అన్నయ్య చరిత్ర మాస్టారుగా రిటైర్ అయ్యాడు కాబట్టి ఇవన్నీ ఆయనకి ఇష్టమే, కానీ నీ కొడుక్కి ఇవేమీ పట్టవు. వాడికి కావాల్సింది రాక్షసులు.

అందుకే నా మొదటి సలహా, కథ ముందే చెప్పి తీసుకెళ్ళు. నేను మొదటిసారి మా అత్తగారిని తీసుకెళ్ళినప్పుడు ఏమీ చదవకుండా వెళ్ళాను. ఆవిడ పైకి చూసి, "ఏమ్మా, సభ జరిగే చోట రాక్షసులని ఎందుకు పెట్టుకున్నారు వీళ్ళు?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు. అంత మంచి ప్రశ్న అడిగిన పెద్దావిడకి జవాబు చెప్పలేకపోయాను, ఇంటికి వచ్చాక కూర్చుని చదివాను, అప్పటి నుంచి ఎవర్ని తీసుకెళ్ళినా కథతోనే తీసుకెళ్తున్నాను.

బుజ్జిగాడికి ఇలా చెప్పు. ఎప్పుడో ఈ దీవి పేరు అల్బియన్. ఇక్కడ మనుషులు లేరు, రాక్షసులే ఉండేవాళ్ళు. ట్రాయ్ పట్నం తగలబడిపోయాక అక్కణ్ణించి తప్పించుకున్న వంశంలో పుట్టిన బ్రూటస్ అనే వీరుడు ఓడలు వేసుకుని ఇక్కడికి వచ్చాడు. అతనితో కొరినియస్ అనే మల్లుడు ఉన్నాడు, ఆయనకి రాక్షసులతో కుస్తీ పట్టడమంటే మహా సరదా. రాక్షసులందరిలోకీ పెద్దవాడు గాగ్‌మేగాగ్, పన్నెండు మూరల ఎత్తు, చెట్టుని వేళ్ళతో సహా పెరికేసేవాడు. ఇద్దరికీ కుస్తీ జరిగింది. రాక్షసుడు కొరినియస్‌ని పట్టి బిగిస్తే మూడు పక్కటెముకలు విరిగాయి. ఆ కోపంతో కొరినియస్ వాణ్ణి భుజం మీదకి ఎత్తుకుని, పరుగెత్తుకుంటూ వెళ్ళి, కొండ అంచు నుంచి సముద్రంలోకి విసిరేశాడు. బ్రూటస్ థేమ్స్ ఒడ్డున కొత్త ట్రాయ్ అని ఒక ఊరు కట్టాడు, అదే లండన్ అయిందని కథ. నువ్వు చిన్నప్పుడు భీముడు, బకాసురుడి కథ ఎన్నిసార్లు చెప్పించుకునేదానివో నాకు గుర్తుంది. వాడూ ఇది అన్నిసార్లు చెప్పించుకుంటాడు, చూడు.

ఇది 12వ శతాబ్దంలో రాసిపెట్టిన కథ, చరిత్ర కాదు, ఆ తేడా వాడికి తర్వాత చెప్పొచ్చు. అన్నయ్యకి మాత్రం ఆ తర్వాత జరిగిన మార్పు చెప్పు. జనం నోళ్ళలో పడి తిరిగీ తిరిగీ కథ మారిపోయింది. గాగ్‌మేగాగ్ అనే ఒక్క పేరు రెండు ముక్కలై గాగ్ ఒకడు, మేగాగ్ ఒకడు అయ్యారు, కొరినియస్ పేరు మరుగున పడిపోయింది. సముద్రంలో పడి చావడం కూడా పోయింది, ఇద్దరు రాక్షసులనీ గొలుసులతో కట్టి లండన్‌కి తెచ్చి, బ్రూటస్ కోట గుమ్మానికి కాపలా పెట్టారని, ఆ కోట ఉన్న చోటే ఇప్పుడు గిల్డ్‌హాల్ ఉందని చెప్పుకోవడం మొదలైంది. గాగ్, మేగాగ్ అనే పేర్లు బైబిల్లో కూడా ఉన్నాయి, మన హైదరాబాద్ ముస్లిం స్నేహితులని అడిగితే యాజూజ్ మాజూజ్ అని వెంటనే చెప్తారు. పేర్లు అక్కడివి, కథ ఇక్కడిది.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చేది ఒకటుంది, వదినకి ఇది నువ్వు తప్పకుండా చెప్పాలి, ఆవిడకి ఇట్టే అర్థమవుతుంది. మన జయవిజయులు ముందు ద్వారపాలకులు, శాపం తగిలి రాక్షసులై పుట్టారు. వీళ్ళు ముందు రాక్షసులు, ఓడిపోయి ద్వారపాలకులయ్యారు. దారి అదే, నడక మాత్రం ఎదురు. తిరుమలలో బంగారు వాకిలి దగ్గర నిలబడి దణ్ణం పెట్టుకున్న వదినకి గిల్డ్‌హాల్లో కొత్తగా అనిపించదు. గుమ్మం దగ్గర నిలబడేవాళ్ళు భయం పుట్టించేలా ఉండాలని, వాళ్ళ బలం మాత్రం లోపలున్న వాళ్ళ కోసమే అని ఆవిడకి పుట్టినప్పటి నుంచీ తెలుసు.

ఇక ఎప్పుడు వెళ్ళాలనేది జాగ్రత్తగా విను, ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. పెద్ద హాలు ఇప్పటికీ వాడుకలో ఉన్న హాలు. విందులు, సభలు, డిగ్రీలు ఇచ్చే ఫంక్షన్లు, ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది, అలాంటి రోజుల్లో చూడ్డానికి వచ్చినవాళ్ళని లోపలికి పంపరు. నేను ఒకసారి కనుక్కోకుండా ఇండియా నుంచి వచ్చినవాళ్ళని వెంటబెట్టుకు వెళ్ళి, వానలో బయట నిలబెట్టి వెనక్కి తీసుకొచ్చాను. తప్పు నాదే, ఒక్క ఫోన్ చేసి ఉంటే సరిపోయేది. కాబట్టి ముందు రోజు కనుక్కో, బయల్దేరే ముందు ఇంకోసారి కనుక్కో. బ్యాగులు తనిఖీ చేస్తారు, వదిన తెచ్చుకునే మందులన్నీ ఒకే చిన్న సంచిలో పెట్టించు, టెన్షన్ ఉండదు.

నవంబరులో ఇంకో సంగతి కూడా ఉంది. ఆ నెల రెండో శనివారం లార్డ్ మేయర్ ఊరేగింపు. కొత్త లార్డ్ మేయర్ 1757లో చేసిన బంగారు బండిలో ఎక్కి, రాజుకి విధేయుడిగా ఉంటానని ప్రమాణం చెయ్యడానికి స్ట్రాండ్ అనే వీధిలో ఉన్న కోర్టు దాకా వెళ్తాడు. మేయర్ని ఎన్నుకునే హక్కు ఊరికి ఇచ్చింది 1215లో జాన్ రాజు. ఊరేగింపుకి ముందు రోజు, శుక్రవారం, గిల్డ్‌హాల్లో పదవి అప్పగించే కార్యక్రమం, సోమవారం అక్కడే పెద్ద విందు, దానికి ప్రధానమంత్రి వచ్చి మాట్లాడతారు. అందుకని ఆ శుక్రవారం నుంచి సోమవారం వరకూ హాలు చూడాలన్న ఆలోచన పెట్టుకోకు. ఊరేగింపు శనివారం చూడండి, హాలు వేరే వారంలో చూడండి.

ఈ రెండూ చూడాలని ఎందుకంటున్నానంటే, ఊరేగింపులో కూడా గాగ్, మేగాగ్ వస్తారు. కానీ వాళ్ళు వేరే. మన గుళ్ళో మూలవిరాట్టు ఒకటి, ఉత్సవ విగ్రహాలు ఒకటి ఉంటాయి కదా, సరిగ్గా అలాగే. హాల్లో ఉన్నవాళ్ళు కదలరు, చెక్కతో చేసినవాళ్ళు. వీధిలో వచ్చేవాళ్ళు బుట్టల్లాగా అల్లినవాళ్ళు, మనిషికి రెండింతల ఎత్తుంటారు. ఇప్పుడు తిప్పుతున్నవి బుట్టలు అల్లేవాళ్ళ సంఘం 2006లో అల్లించినవి. మనూళ్ళో మేదరివాళ్ళు వెదురు చీల్చి తట్టలు అల్లుతుంటే గంటలు గంటలు చూసిన అన్నయ్యకి ఆ అల్లిక దగ్గర్నుంచి చూపించాలి, ఆయనకి రాక్షసుడి కంటే ఆ అల్లికే ఎక్కువ నచ్చుతుందని నా నమ్మకం. సెయింట్ పాల్స్ దగ్గర జనం తొక్కిసలాటగా ఉంటారు, అక్కడొద్దు. ఫ్లీట్ స్ట్రీట్‌లో ముందుగా వెళ్ళి నిలబడండి. అన్నయ్య మోకాళ్ళ కోసం మడత కుర్చీ ఒకటి తీసుకెళ్ళు, ఎవరేమనుకుంటారో అని మొహమాటపడకు, ఇక్కడి పెద్దవాళ్ళు కూడా తెచ్చుకుంటారు.

ఫ్లీట్ స్ట్రీట్ అన్నానని గుర్తొచ్చింది. అక్కడ సెయింట్ డన్‌స్టన్ చర్చి గోడ మీద 1671 నాటి గడియారం ఉంది, దాని పక్కన గదలు పట్టుకున్న ఇద్దరు రాక్షసులు నిలబడి గంటలు కొడతారు. వాళ్ళనీ గాగ్, మేగాగ్ అనే అంటారు. పదిహేను నిమిషాలకోసారి కొడతారు కాబట్టి బుజ్జిగాడు ఎక్కువ సేపు కాచుకోనక్కర్లేదు. మెల్‌బోర్న్‌లో ఉన్న మీ బాబాయి పోయినేడు ఫోటో పంపాడు, అక్కడ రాయల్ ఆర్కేడ్‌లో కూడా ఈ ఇద్దరే 1892 నుంచి గంట కొడుతున్నారు, గిల్డ్‌హాల్ బొమ్మల్ని చూసి చెక్కినవే.

ఇప్పుడు హాలు లోపలి సంగతి. గిల్డ్‌హాల్ ముందున్న బయలులో కాసేపు ఆగండి. రాళ్ళలో నల్లటి గీత ఒకటి వంపు తిరిగి కనిపిస్తుంది, దాని కింద రోమన్ల కాలం నాటి గోదా ఉంది, 1988లో తవ్వకాల్లో బయటపడింది. ఆ గీత మీద బుజ్జిగాణ్ణి పరుగెత్తించు, లోపలికి వెళ్ళాక కుదురుగా ఉంటాడు. తర్వాత తలెత్తి ముందరి గుమ్మం చూడమను అన్నయ్యని. 1788లో జార్జ్ డాన్స్ అనే వాస్తుశిల్పి కట్టిన ఆ ముఖభాగాన్ని హిందూస్తానీ గోథిక్ అంటారు, మన దేశపు కట్టడాల ఛాయ అందులో ఉంది. ఎవరూ చెప్పకపోతే ఎవరూ గమనించరు.

లోపలికి వెళ్ళగానే అందరూ నెల్సన్, వెల్లింగ్టన్, చర్చిల్ విగ్రహాల దగ్గర ఫోటోలు దిగుతారు. మీరు నేరుగా పడమటి వైపు గ్యాలరీ కిందకి నడవండి. పైన రెండు వైపులా ఇద్దరు నిలబడి ఉంటారు, ఒక్కొక్కరు తొమ్మిది అడుగుల పైన. ఇంట్లో బైనాక్యులర్స్ ఉన్నాయి కదా, అవి తప్పకుండా పట్టుకెళ్ళు, ముఖాలు కింద నుంచి సరిగ్గా అందవు. ముళ్ళ గుండు వేలాడే కర్ర, విల్లు, అంబులపొది ఉన్నవాడు గాగ్. ఈటె, డాలు ఉన్నవాడు మేగాగ్. వదిన ఆ చెక్క ఏమిటని అడుగుతుంది, నాకు తెలుసు. లైమ్ చెక్క. మన నిమ్మ కాదు, ఈ దేశంలో రోడ్ల పక్కన పెరిగే వేరే చెట్టు, మెత్తగా ఉండి ఉలికి బాగా లొంగుతుంది. కొండపల్లి వాళ్ళకి పొణికి చెక్క ఎలాగో, వీళ్ళకి ఇది అలాగ.

తర్వాత మేగాగ్ డాలు మీద బైనాక్యులర్స్ పెట్టి బుజ్జిగాడికి ఇవ్వు. అక్కడ ఒక పక్షి ఉంటుంది. ఫీనిక్స్. కాలిపోయి, ఆ బూడిదలోంచే మళ్ళీ పుట్టే పక్షి. అది అక్కడ ఎందుకుందో ఈ బొమ్మల వయసు తెలిస్తేనే అర్థమవుతుంది, అందుకే ఆ మాట చివరికి దాచుకో.

చాలామంది ఇవి ఐదారు వందల ఏళ్ళ నాటివి అనుకుంటారు. రాక్షసులు ఈ ఊరి వేడుకల్లో అప్పటి నుంచీ ఉన్న మాట నిజమే, 1559లో మొదటి ఎలిజబెత్ పట్టాభిషేకానికి వెళ్తున్నప్పుడు సిటీ పడమటి గుమ్మమైన టెంపుల్ బార్ దగ్గర ఇద్దరు రాక్షసుల బొమ్మలు నిలబెట్టారు. కానీ హాల్లో నిలబెట్టిన పాత జతల్లో ఒక్కటీ మిగల్లేదు. 1666లో ఊరు కాలిపోయింది, గిల్డ్‌హాల్ కప్పు పోయింది. తర్వాత అల్లిక మీద అట్ట అంటించి చేసిన వాటిని ఎలుకలు కొట్టేశాయి. అప్పుడు 1708లో కెప్టెన్ రిచర్డ్ సాండర్స్ అనే ఆయన గట్టి చెక్కతో పద్నాలుగున్నర అడుగుల జత చెక్కాడు, అవి 232 ఏళ్ళు నిలబడ్డాయి. 1940 డిసెంబరు 29, ఆదివారం రాత్రి. జర్మన్ విమానాలు నిప్పు బాంబులు కురిపించాయి, థేమ్స్ ఆటుపోటులో బాగా కిందకి దిగిపోయి ఉంది, మంటలార్పే వాళ్ళ గొట్టాలకి నీళ్ళు అందలేదు. పక్కనే ఉన్న సెయింట్ లారెన్స్ జ్యూరీ చర్చికి అంటుకున్న మంట నిప్పురవ్వలై గిల్డ్‌హాల్ కప్పు మీద పడింది. కప్పు కూలింది, రాక్షసులిద్దరూ కాలిపోయారు. 15వ శతాబ్దపు రాతి గోడలు మాత్రం నిలిచాయి.

ఆ రాత్రి లార్డ్ మేయర్‌గా ఉన్నాయన సర్ జార్జ్ విల్కిన్సన్. తన పదవీకాలంలో, తన కళ్ళ ముందు ఊరి కాపలాదారులు కాలిపోయారు. ఇప్పుడు నువ్వు చూడబోయే ఇద్దరూ ఆయన ఊరికి ఇచ్చిన బహుమతి, డేవిడ్ ఎవాన్స్ అనే శిల్పి 1953లో చెక్కాడు. ఆ డాలు మీద పక్షిని అందుకు పెట్టారు. ఇది చెప్పేటప్పుడు నా గొంతు ఎప్పుడూ పట్టేస్తుంది. ఇల్లు లేక, తినడానికి రేషన్ మీద బతుకుతున్న ఊరు, కాలిన రాక్షసుల్ని మళ్ళీ చెక్కించుకుంది.

చూశాక వెంటనే ఇంటికి తీసుకొచ్చెయ్యకు. పక్కనున్న ఆ సెయింట్ లారెన్స్ చర్చి తెరిచి ఉంటే లోపలికి వెళ్ళి బల్లల మీద కాసేపు కూర్చోండి, అదీ ఆ రాత్రి కాలి మళ్ళీ కట్టినదే, అన్నయ్యకి మోకాళ్ళకి విశ్రాంతి దొరుకుతుంది, వదిన తెచ్చిన పులిహోర మాత్రం బయట బెంచీ మీద తినండి. హాలు తెరిచి ఉండే రోజు కనుక్కున్నాక నాకు మెసేజ్ పెట్టు. వీలైతే నేనూ ఈస్ట్ హామ్ నుంచి వస్తాను, మా అత్తగారు అడిగిన ప్రశ్న వదిన కూడా అడుగుతుందేమో వినాలని ఉంది.

ప్రేమతో,
నీ మేనత్త