ఊబి కన్నా వాగే ప్రమాదం

చిన్నప్పుడు భయపెట్టిన ప్రకృతి ప్రమాదాల్లో నిజంగా భయపడాల్సినవి ఏవని అడిగారు. భూపాలపల్లి వైపు వాగు ఒడ్డున పెరిగిన నాకు అన్నింటికన్నా పెద్ద భయం ఊబి. "వాగుల దిగకు బిడ్డా, ఊబిల పడితే ఎవ్వలూ గుంజలేరు" అని మా నానమ్మ చెప్పేది. మనిషి నిలువునా మునిగి చివరికి చేయి మాత్రమే కనిపించే సినిమా దృశ్యాలు ఆ భయాన్ని మరింత పెంచేవి.

నిజానికి ఊబి మనిషిని పూర్తిగా మింగదు. నీరు నిండిన ఆ ఇసుక సాంద్రత మన శరీరానికి దాదాపు రెట్టింపు ఉంటుంది కనుక నడుము దాకా దిగబడ్డాక శరీరం తేలుతుందని 2005లో ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రయోగం ద్వారా చూపారు. వెనక్కి వాలి కాళ్లను మెల్లమెల్లగా కదిలిస్తే ఇసుకలోకి నీరు చేరి పట్టు సడలుతుంది. అలా ఇరుక్కుని ఉన్నప్పుడు పైనుంచి వరద వస్తే మాత్రం ప్రాణాపాయమే.

పాముల విషయమూ అంతే. పొడుగాటి జెర్రిపోతును చూసి పరుగెత్తేవాళ్లం. దానికి విషమే లేదు. రాత్రి నేల మీద పడుకున్నవారిని కరిచే కట్లపాము కాటు చాలాసార్లు నొప్పి కూడా తెలియనివ్వదు. దోమతెర అంచులను పరుపు కిందికి దోపుకోవడం దానికి మంచి రక్షణ.

అయితే మా ప్రాంతంలో అందరూ తక్కువ అంచనా వేసేది పారే నీటినే. 2023 జులై చివరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో దాదాపు 65 సెంటీమీటర్ల వాన కురిసింది. 27న మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచెత్తగా, జనం ఇళ్ల పైకప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. ఇంత జరిగినా, కల్వర్టు మీద నీళ్లు మోకాలి లోతే కదా అని బండి దించేవారు ఇప్పటికీ ఉన్నారు. వేగం రెట్టింపైతే నీటి తోపుడు నాలుగింతలవుతుంది. పైగా ఆ ఎర్రనీళ్ల కింద రోడ్డు కోసుకుపోయిందో లేదో పైకి తెలియదు.

వాన వెలిశాక మిగిలే ప్రమాదం ఇసుక తవ్వి వదిలేసిన గుంతలు. ఒక అడుగు పిక్క లోతులో పడుతుంది, తర్వాతి అడుగుకు నేలే దొరకదు. అందుకే మా పిల్లలను వాగు ఎండిన వేసవిలోనే తీసుకెళ్లి, అంచుకు దూరంగా నిలబెట్టి, ఆ గుంతల లోతు చూపిస్తున్నాను.