మాంత్రికుడి ఇంటికి నీళ్లు మోసేదెవరు?

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. కాలువల మీద కట్టిన ఆ నగరం కళ్లకు కట్టింది కానీ, మాంత్రికుల వీధికి వచ్చేసరికి నాకు నమ్మకం సడలింది. ప్రతి గుమ్మానికీ పుర్రె వేలాడదీసి, ప్రతి కిటికీలోంచీ పచ్చని పొగ వదిలితే, ఆ ఇల్లు ఎవరిదో పసిపిల్లలకు కూడా తెలిసిపోతుంది. ఇక అందులో గుట్టేముంది?

చరిత్రలోకి ఒకసారి తొంగిచూడు. పదహారో శతాబ్దంలో లండన్‌కు దగ్గర్లో, థేమ్స్ ఒడ్డున మోర్ట్‌లేక్ అనే ఊళ్లో జాన్ డీ అనే పండితుడు తన తల్లి ఇంట్లో కాపురముండేవాడు. గణితం, జ్యోతిషం తెలిసినవాడు, దేవదూతలతో మాట్లాడాలని తపించినవాడు. ఆ ఇంట్లో సుమారు 4,000 పుస్తకాలు, రాతప్రతులు ఉండేవి. 1575లో ఎలిజబెత్ రాణి పరివారంతో ఆ గ్రంథాలయం చూడటానికే వచ్చింది. అయితే అంతకు నాలుగు గంటలలోపే డీ భార్యను ఖననం చేశారని తెలిసి గుమ్మం తొక్కలేదు. చర్చి గోడ పక్కన గుర్రం దిగి, పేరుపొందిన ఆయన అద్దాన్ని బయటికే తెప్పించుకుని చూసింది. ఆ ఘట్టంలో ఇంటి లోపలిది మనకు ఒక్క ముక్కయినా కనబడదు, అయినా ఆ తలుపు మీంచి చూపు మరల్చలేం. రాణిని ఆపింది మంత్రం కాదు, ఆ ఇంట్లో జరిగిన చావు. నీ కథలో నాకు కనబడనిది అదే: నీ మాంత్రికుల ఇళ్లలో ఎవరూ చావరు, ఎవరికీ జ్వరం రాదు, ఎవరూ వంట చేసుకోరు.

ప్రాగ్ కోటలోని గోల్డెన్ లేన్ అనే చిన్న వీధి సంగతీ ఇలాంటిదే. రుడాల్ఫ్ చక్రవర్తి కోసం బంగారం చేసే రసవాదులు అక్కడ ఉండేవారని జనం చెప్పుకున్నారు. నిజానికి గోడకు ఆనించి కట్టిన ఆ చిట్టి ఇళ్లలో ఉన్నది కోట కాపలావాళ్లు. కాబట్టి వీధి గురించి ఊరు అల్లుకున్న మాట ఒకటి, లోపలి బతుకు ఇంకొకటి అయినా పరవాలేదు. రచయితవి గనుక నీకు మాత్రం రెండూ తెలిసి ఉండాలి. మన మాయల ఫకీరు తన ప్రాణాన్ని ఇంట్లో పెట్టుకోలేదు, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచాడు. నీ మాంత్రికుడు ఏది ఇంట్లో దాచాడు, ఏది ఇంట్లో పెట్టడానికి కూడా భయపడ్డాడు? అది తేలనిదే గోడలు లేపకు.

నీ మూడో అధ్యాయంలో నీళ్లు మోసే పిల్ల ఒక్క వాక్యంలో వచ్చి వెళ్లిపోయింది. ఆ వీధిని ఆమె కళ్లతో తిరగరాయి. ఒంటరివాడని అందరూ అనుకునే మనిషి ఇంటికి ఆమె రోజూ పన్నెండు కడవలు మోస్తోంది. పెరటి గడప దాటి ఎన్నడూ లోపలికి వెళ్లలేదు. ఒకనాటి ఉదయం నిన్నటి కడవలన్నీ నిండుగా అలాగే ఉన్నాయి. ఆ పేజీ రాసి నాకు పంపు.