ఫార్ములా 1 సీటు అంచనా ఎక్కడ తప్పుతోంది

ఫార్ములా 1కు కింది మెట్టయిన ఫార్ములా 2లో విజేతకే ఫార్ములా 1 సీటు (జట్టులో డ్రైవర్ స్థానం) వస్తుందని ఏటా అంచనా వేసి తప్పుతున్నానన్నారు. మీరు పాయింట్ల పట్టికనొక్కదాన్నే చూస్తుండటం అందుకు కారణం కావచ్చు. 2022 విజేత డ్రుగోవిచ్‌కూ, 2023 విజేత పుర్షేర్‌కూ మరుసటి ఏడాది ఫార్ములా 1 సీటు దక్కలేదు.

1. ముందుగా ఏయే జట్లలో ఒప్పందాలు ముగుస్తున్నాయో రాసుకోండి.

2. చాలామంది వదిలేసేది ఇదే: ఆ సీటున్న జట్టుకు ఏ అకాడమీ (జట్లు యువ డ్రైవర్లను తీర్చిదిద్దే శిక్షణ పథకం) దగ్గరో చూడాలి. 2024 ఫార్ములా 2లో పన్నెండో స్థానంలో నిలిచిన బేర్‌మన్ 2025కు హాస్ జట్టులో చేరాడంటే కారణాలివి: అతడు ఫెరారీ అకాడమీలో ఎదిగినవాడు, హాస్ వాడేది ఫెరారీ ఇంజన్, పైగా 2024లో జెడ్డా ఫార్ములా 1 రేసులో ఫెరారీ డ్రైవర్ సైన్జ్‌కు బదులుగా కారు నడిపి ఏడో స్థానం సాధించాడు.

3. సూపర్ లైసెన్సుకు (ఫార్ములా 1లో నడపడానికి కావలసిన అనుమతి) అవసరమైన 40 లైసెన్సు పాయింట్లు లేనివారిని చివరగా కొట్టివేయండి.